మెదక్ చర్చి మెట్ల మీద కలిసిన అమ్మకు

అమ్మా, ఆ రోజు మీ పేరు అడిగే స్థితిలో కూడా నేను లేను.

మధ్యాహ్నం ఎండలో మెదక్ చర్చి మెట్ల మీద తలొంచుకుని కూర్చున్నాను. రాత్రి తాగింది ఇంకా దిగలేదు. మీరు పక్కన కూర్చుని "తిన్నావా బాబూ?" అని, స్టీలు డబ్బా మూతలో పులిహోర పెట్టారు. నేను తింటుంటే ఆ చర్చి కథ చెప్పారు. కరువులో పస్తులున్న జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర కట్టించారని, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారని. "ఇక్కడ ఎవరూ ఆకలితో కూర్చోకూడదు" అన్నారు.

తాగుడు సంగతి ఎత్తితే "నా డబ్బు, నా ఇష్టం" అని నేను విసురుగా అన్నా మీరు కోప్పడలేదు. బైబిల్లో యోహాను సువార్త 8వ అధ్యాయం తెరిచి, 34వ వచనం నన్నే చదవమన్నారు. పాపం చేసేవాడు పాపానికి దాసుడని ఉంది. పుస్తకం పట్టుకున్న నా చేతులు వణుకుతున్నాయి. ఇష్టప్రకారం బతుకుతున్నాననుకున్న నేను ఆ వణుకు చూసి నోరు మెదపలేకపోయాను. తర్వాత 36వ వచనం చదివించారు. కుమారుడు, అంటే యేసు, విడిపిస్తే నిజంగా స్వతంత్రులవుతారని.

మందు ఒక్కరోజులో మానలేదు. ఆస్పత్రిలో చేరాను, రెండుసార్లు మళ్లీ జారిపోయాను, ప్రార్థన మాత్రం వదల్లేదు. ఇప్పటికి నాలుగేళ్లు. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఊళ్లో తాగుడుతో నలుగుతున్నవాళ్ల దగ్గరికి వెళ్తాను. ముందు "తిన్నావా?" అనే అడుగుతాను.

మీరు మర్చిపోయిన డబ్బా మూత నా దగ్గరే ఉందమ్మా. ప్రతి క్రిస్మస్‌కీ పట్టుకొస్తున్నాను, ఆ మెట్ల మీదే మీ కోసం చూస్తున్నాను. మీకు నా వందనాలు.