బరువుతో పాటు నడుమూ కొలవండి: కేంద్ర ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ప్రభుత్వ కార్యాలయాల్లో నూనె, చక్కెర వివరాల బోర్డులు పెట్టాలని 2025లో మీ శాఖ కోరింది. సమోసాలో నూనె ఎంతో, జిలేబీలో చక్కెర ఎంతో తెలుసుకుని తినడం మంచిదే. (మా ప్రాంతంలో మిర్చి బజ్జీకీ ఒక బోర్డు అవసరం!) అయితే ఊబకాయం అంటే నోరు కట్టుకోలేనివాళ్ల జబ్బు అన్న పాత నమ్మకం ఆ బోర్డుల చాటున ఇంకా బలపడుతుందేమోనని నా భయం. ముప్పై ఏళ్లుగా జరుగుతున్న పరిశోధన వేరే సంగతి చెబుతోంది.

అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో, కొవ్వు నుంచి వెలువడే లెప్టిన్ అనే హార్మోన్ జన్యువును గుర్తించింది. కొవ్వు ఊరికే పేరుకుపోయిన సరుకు కాదని, తన నిల్వ ఎంతుందో మెదడుకు ఎప్పటికప్పుడు కబురు పంపే అవయవమని దాంతో తేలింది. బరువు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది, ఆకలి పెరుగుతుంది, శరీరం శక్తి ఖర్చు తగ్గించుకుంటుంది. టీవీ పోటీలో భారీగా బరువు తగ్గిన అమెరికన్లను ఆరేళ్ల తర్వాత శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం పరీక్షించింది. పోయిన బరువులో చాలా భాగం తిరిగొచ్చింది. అయినా వారి శరీరాలు విశ్రాంతిలో ఉండగా రోజుకు ఉండాల్సినదానికంటే సుమారు 500 కేలరీలు తక్కువే ఖర్చు చేస్తున్నాయి. ఈ ఫలితాలు 2016లో వచ్చాయి. బరువు తగ్గాక కూడా కొవ్వు కణాల్లో పాత ఊబకాయపు గుర్తులు మిగిలిపోతాయని 2024లో జ్యూరిక్ శాస్త్రవేత్తలు చూపించారు. ఇంత యంత్రాంగం ఎదురుతిరుగుతుంటే "కాస్త తగ్గించి తినండి" అని చెప్పి పంపేయడం వైద్యం ఎలా అవుతుంది?

మన దేశానికి మరీ ముఖ్యమైన పాఠం పుణె నుంచి వచ్చింది. అక్కడి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పుణె పరిసర గ్రామాల్లో పుట్టిన పిల్లలు సగటున 2.7 కిలోలే ఉన్నా, కండ తక్కువగా, కొవ్వు మాత్రం బరువుకు మించి ఉన్నట్టు యాజ్ఞిక్ బృందమే గమనించింది. చూపుకు సన్నగా కనిపించే మనకు పొట్టలోపల, కాలేయంలో కొవ్వు చేరి, ఇన్సులిన్ పనిని దెబ్బతీస్తుంది. బరువు తూచే యంత్రానికి ఇది కనపడదు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త షుగర్ సర్వే ప్రకారం బీఎంఐ లెక్కన ఊబకాయులు 28.6 శాతం, నడుము కొలత లెక్కన 39.5 శాతం. బీఎంఐ ఒక్కదాన్నే నమ్మవద్దని 2025 జనవరిలో లాన్సెట్ నిపుణుల కమిషన్ కూడా చెప్పింది.

నడుము కొలవడానికి కొత్త పరికరాలేవీ కొనక్కర్లేదు. షుగర్, బీపీ లాంటి జబ్బుల ముప్పును మార్కులతో లెక్కగట్టేందుకు ఆశా కార్యకర్తలు నింపే సీబీఏసీ ఫారంలో నడుము కొలత గడి ఇప్పటికే ఉంది. కానీ దానికి గరిష్ఠంగా రెండు మార్కులే. మొత్తం మార్కులు నాలుగు దాటినవారికే పరీక్షల్లో ప్రాధాన్యం. పొగ, మద్యం అలవాటు లేని, ఇంట్లో ఎవరికీ షుగర్ లేని 35 ఏళ్ల మనిషి నడుము 102 సెంటీమీటర్లున్నా నాలుగు దాటడు. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే, మిగతా మార్కులతో పని లేకుండా షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, కాలేయ పరీక్షలు చేయించాలని ఆదేశించండి. ముప్పై ఏళ్ల వరకు ఆగడం కూడా మానండి. కాలేజీ వయసు నుంచే కొలవాలి.

ఇక సెమాగ్లుటైడ్ లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు. మన దేశంలో సెమాగ్లుటైడ్ పేటెంటు 2026 మార్చి వరకే కాబట్టి చవక రకాలు వస్తాయి, వాటితో పాటు అడ్డదిడ్డమైన అమ్మకాలూ వస్తాయి. మందు ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని క్లినికల్ పరీక్షల్లో తేలింది. కాబట్టి పెళ్లి ముహూర్తానికి నాలుగు నెలల ముందు వేసుకునే మందు కాదిది. ఎవరికి ఇవ్వాలో బరువు ఒక్కటే చూసి తేలిస్తే, లోపల కొవ్వు పేరుకున్న సన్నటి మనిషి మళ్లీ లెక్కలోకి రాడు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఎవరికి, ఎంతకాలం, ఎవరి పర్యవేక్షణలో అన్నది మీ శాఖ రాతపూర్వకంగా చెప్పాలి.

చివరిగా టేపు గురించే ఒక మాట. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక కొలవాలి. చీర మీద నుంచి కొలిచిన అంకె దేనికీ పనికిరాదు. నలుగురి ముందు ఏ ఆడమనిషీ పొట్ట కొలిపించుకోదు. ఆశా కార్యకర్తల శిక్షణలో ఈ రెండూ చేర్చి, ఉపకేంద్రాల్లో చాటుకు ఒక తెర ఇప్పించండి.

ఇట్లు,
ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పే ఒక అధ్యాపకుడు