బ్యాక్‌గ్రౌండ్ రిపోర్టు సరిచేయించిన వారందరికీ కృతజ్ఞతలు

మా తమ్ముడి బీజీవీ రిపోర్టులో (కొత్త ఉద్యోగం ఇచ్చేవాళ్ల కోసం ఒక ఏజెన్సీ పాత వివరాలు సరిచూసి ఇచ్చేది) రెండు చోట్ల పడ్డ రెడ్ మార్కు తొలగిపోయింది. పాత కంపెనీలో పీఎఫ్ చూసే అన్నకు, లాయరు గారికి, కోర్టు కాపీయింగ్ సెక్షన్ సిబ్బందికి మా ఇంటిల్లిపాది నమస్కారాలు. ఇదే చిక్కులో ఉన్నవాళ్లకు పనికొస్తుందని వాళ్లు చేసిన పని వివరంగా రాస్తున్నాం.

మొదటిది, ఒకేసారి రెండు ఉద్యోగాలు చేశాడన్న మాట. యూఏఎన్ (పీఎఫ్ నంబరు) సర్వీస్ హిస్టరీలో పాత కంపెనీ ఎగ్జిట్ తేదీ, అంటే మానేసిన తేదీ, ఖాళీగా ఉంది. దానికి తోడు, మన పేరున కట్టిన పన్ను చూపే ఫారం 26ఏఎస్‌లో, మానేసిన తర్వాత తేదీతో ఆ కంపెనీ కోసిన టీడీఎస్ (డబ్బు ఇచ్చేముందే పట్టుకునే పన్ను) కనబడుతోంది. అది, మానేశాక లెక్క తేల్చి ఇచ్చే ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ డబ్బు మీద పడ్డది, అంతే. కానీ చెక్ చేసేవాళ్లకు తేదీ తప్ప ఆ సంగతి కనిపించదు.

"తొందరపడి మీరే మార్క్ ఎగ్జిట్ కొట్టకండి" అని పీఎఫ్ అన్న ఆపడం మా అదృష్టం. చివరి పీఎఫ్ చందా పడ్డ రెండు నెలలకు పీఎఫ్ పోర్టల్లో ఆధార్ ఓటీపీతో ఉద్యోగే మానేసిన తేదీ పెట్టుకోవచ్చు, నిజమే. అయితే చివరి చందా ఏ నెలదో ఆ నెలలోని తేదీనే పోర్టల్ తీసుకుంటుంది. జూన్ 4న రిలీవ్ అయి, ఆ నాలుగు రోజుల చందా ఇంకా జమకాకపోతే మే నెల తేదీయే పెట్టాలి. అప్పుడు రిలీవింగ్ లెటర్‌తో పొంతన కుదరదు. ఒకసారి పడ్డ తేదీ మార్చాలంటే జాయింట్ డిక్లరేషన్ అనే సవరణ దరఖాస్తు దాకా వెళ్లాలి. అందుకే ఆయన ముందు మిగిలిన చందా కట్టించి, కంపెనీ లాగిన్ నుంచే సరైన తేదీ ఎక్కించారు. సెటిల్‌మెంట్ ఏ కాలానికి, ఏ రోజు చెల్లించారో లెటర్‌హెడ్ మీద రాయించి ఇచ్చారు.

రెండోది, అలాంటి పేరే ఉన్న వేరే మనిషి కోర్టు కేసు మా వాడిదిగా రిపోర్టులో పడటం. కోర్టు కేసులు వెతికే ఈకోర్ట్స్ సైటులో కె. శ్రీనివాస్ లాంటి పేరు కొడితే కొండా, కట్టా, కోట ఇంటిపేర్ల వాళ్లంతా ఒకే వరుసలో వస్తారు. మా వాడిది కూడా అలాంటి పేరే. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ ఒక్కటే తెస్తే చాలదని లాయరు గారు ముందే చెప్పారు. అందులో ఆ కేసు ప్రస్తావన ఉండదు కాబట్టి దాన్ని చూసి ఏజెన్సీ రిపోర్టులోని ఆ కేసు వరుసను తీసేయడం కుదరదు.

రిపోర్టులోని సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే, అక్షరాలు అంకెలు కలిపి 16 ఉండే నంబరు) పట్టుకుని, కేసుతో సంబంధం లేని మూడో వ్యక్తిగా, కారణం చెబుతూ అఫిడవిట్‌తో ఛార్జిషీటు సర్టిఫైడ్ కాపీకి ఆయన దరఖాస్తు వేశారు. నిందితుడి వివరాల దగ్గర తండ్రి పేరు, వయసు, వృత్తి, ఊరు వరుసగా ఉన్నాయి, నాలుగూ వేరే. పక్కన టెన్త్ మెమో, ఆధార్ పెడితే అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. కాపీయింగ్ సెక్షన్ వారు ఆ పేజీ మసకగా వచ్చిందని మళ్లీ తీసి సీలు వేసి ఇచ్చారు. ఆ ఓపిక మరచిపోలేం.

ఏజెన్సీకి పెట్టిన మెయిల్లో బతిమాలడాలేవీ లేవు. రిపోర్టులో ఉన్నది, ఉండాల్సినది, రుజువు ఏ పేజీలో ఉందో, ఒక్కో తప్పుకు ఒక్కో వరుస. సవరించిన రిపోర్టు కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కు నేరుగా పంపమని కూడా అడిగాం, లేకపోతే వాళ్ల ఫైల్లో పాతదే ఉండిపోతుంది.

కోర్టు కాపీ అసలును దాచిపెట్టాం. తమ్ముడు మళ్లీ ఉద్యోగం మారితే అదే పేరు మళ్లీ తగులుతుంది.