డిశ్చార్జి అయ్యాకే అసలు వైద్యం మొదలవుతుంది

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పల్నాడు జిల్లా నుంచి రాస్తున్నాను. అడగదలచుకున్నది ముందే చెబుతాను. తలకు పెద్ద దెబ్బ తగిలి, ప్రాణాలతో బయటపడి ఇల్లు చేరినవాళ్లకు పోయిన కదలికను, మాటను తిరిగి నేర్పే పునరావాస వార్డు ప్రతి జిల్లాలో ఒకటి కావాలి. ఆ వార్డుకు కూడా రాలేని వాళ్ల ఇంటికి వచ్చి చూసే మనిషి కావాలి.

ప్రాణం నిలబెట్టడంలో మన వ్యవస్థను తక్కువ చేసి మాట్లాడను. మా తమ్ముడు చిలకలూరిపేట దగ్గర హైవే మీద బైకు మీంచి పడ్డాడు. హెల్మెట్ లేదు. 108 వచ్చింది, గుంటూరులో రాత్రికి రాత్రే ఆపరేషన్ చేశారు. మెదడు వాచిందని పుర్రె ఎముక కొంత తీసి పక్కన పెట్టారు. ఖర్చంతా కార్డు మీదే జరిగింది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఈ పథకమే లేకపోతే మా పొలం ఆ వారంలోనే పోయేది. 2025లో కేంద్రం కూడా రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండా చికిత్స ఇచ్చే పథకం తెచ్చింది. మంచిదే. కానీ దెబ్బతిన్న మెదడు ఏడు రోజుల్లో తేరుకోదు. నెలలు పడుతుంది, ఏళ్లు కూడా పట్టొచ్చు. ఆ నెలలన్నీ గడిచేది ఆస్పత్రిలో కాదు, మా ఇళ్లలో.

ఇంటికి పంపేటప్పుడు తమ్ముడికి ముక్కులో గొట్టం, గొంతుకు రంధ్రం, మూత్రానికి సంచి ఉన్నాయి. చేతిలో పెట్టిన కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంది. మా అమ్మకు తెలుగు చదవడం వచ్చు, ఆ కాగితం రాదు. రాగిజావ పలచగా కాచి, వడగట్టి, సిరంజిలో ఎక్కించి గొట్టంలో పోసేది. వాడు వెల్లకిలా పడుకునే ఉండేవాడు. తల వైపు ఎత్తుగా పెట్టాలనీ, పోశాక కాసేపు అలాగే ఉంచాలనీ మాకెవరూ చెప్పలేదు. జావ ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వచ్చింది, మళ్లీ ఐసీయూ. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని తెలిసేసరికి నడుం కింద పుండు పడింది. అమ్మ శ్రద్ధలో లోపం లేదు మంత్రిగారూ, రాత్రిళ్లు నిద్ర మానుకుని కాపలా కాసింది. లోపమల్లా, చూపించాల్సిన పది నిమిషాలు ఎవరూ కేటాయించకపోవడం.

"ఫిజియోథెరపీ కొనసాగించాలి" అని ఆ కాగితంలో ఒక లైను ఉంది. ఎక్కడ, ఎవరితో, ఎన్నాళ్లు అన్నది లేదు. మా ఊరి నుంచి టౌనుకు ఆటో మాట్లాడుకుని, మనిషిని ఇద్దరు ఎత్తి కూర్చోబెట్టి తీసుకెళ్లాలి. ఆటో కిరాయి, ఫీజు, తోడొచ్చినవాళ్ల కూలి పోవడం కలిపితే నెల తిరక్కుండానే చాలా ఇళ్లు మానేస్తాయి. మానేస్తే వేళ్లు ముడుచుకుపోతాయి, పాదం కిందికి వాలిపోతుంది, కీళ్లు బిగుసుకుంటాయి. ఒకసారి బిగుసుకున్నాక వాటిని సాగదీయడం చాలా కష్టం. మొదటి నెలల్లో చేసే వ్యాయామానికి అంత విలువ ఉంది. మాట తిరిగి నేర్పడానికి స్పీచ్ థెరపీ, స్నానం, బొత్తాలు పెట్టుకోవడం లాంటివి నేర్పడానికి ఆక్యుపేషనల్ థెరపీ ఉంటాయని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బెంగళూరు నిమ్హాన్స్‌లో, వెల్లూరు సీఎంసీ ఆస్పత్రిలో ఇందుకోసమే విభాగాలున్నాయి. ఇంట్లో ఒకరు పని మానుకుని, పరాయి ఊళ్లో గది అద్దెకు తీసుకోగలిగినవాళ్లకే అవి అందుతాయి.

ఇప్పుడు తమ్ముడు నడుస్తున్నాడు. చూసినవాళ్లు బాగైపోయాడంటారు. పొద్దున తిన్నాడో లేదో వాడికి గుర్తుండదు. గ్యాస్ వెలిగించి బయటికి వెళ్లిపోతాడు. ఎన్నడూ గొంతు పెంచని పిల్లాడు భార్య మీదికి చెయ్యెత్తుతున్నాడు, గంట తర్వాత ఏడుస్తాడు. అది పొగరు కాదనీ, మెదడు ముందు భాగం దెబ్బతింటే కోపం మీద అదుపు తప్పుతుందనీ మా మరదలికి చెప్పి, ఆమెను కూర్చోబెట్టి మాట్లాడిన డాక్టరు ఒక్కరూ లేరు. వికలాంగ ధ్రువపత్రానికి వెళ్తే కాళ్లూ చేతులూ ఆడిస్తున్నాడు కదా అన్నారు. వైకల్యం 40 శాతం రాలేదు, కాబట్టి ఆరు వేల పింఛనూ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, తలగాయం విడిగా లేదు. చట్టం మార్చడం మీ చేతిలో లేకపోవచ్చు. పరీక్షించే బోర్డులో జ్ఞాపకశక్తిని, ప్రవర్తనను కూడా కొలిచే సైకాలజిస్టు కూర్చునేలా చూడటం మీ చేతిలో ఉంది.

కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్, అంటే దీర్ఘకాల రోగులకు బాధ తగ్గించి చూసుకునే సేవ కోసం, ఒక విధానం తెచ్చుకుంది. అక్కడ పంచాయతీల తరఫున నర్సులు మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్తారు. మనకు ఊరూరా ఆశా కార్యకర్తలున్నారు, ఏఎన్ఎంలున్నారు. బాలింత ఇంటికి వెళ్లినట్టే తలగాయం మనిషి ఇంటికీ వెళ్లమని వాళ్లకు నేర్పించండి. అందుకు తగ్గ డబ్బు కూడా వాళ్లకు ఇవ్వండి, ఉన్న పని మీద ఇంకో బరువుగా వేయకండి. నెలకు కొన్నిసార్లు ఫిజియోథెరపిస్టును పంపండి. వైద్య సేవ పథకం ఆపరేషన్‌కు ఇచ్చే ప్యాకేజీలోనే ఆరు నెలల పునరావాసాన్ని కలపండి.

వార్డులకు, పోస్టులకు బడ్జెట్ కావాలి, సమయం పడుతుందని తెలుసు. ఒక్కటి మాత్రం వెంటనే చేయండి. తలగాయం రోగిని ఇంటికి పంపే ప్రతి ఆస్పత్రీ తెలుగులో రాసిన కాగితం ఇవ్వాలి. గొట్టంలో ఆహారం పోయడం, పక్కకు తిప్పడం, గొంతు రంధ్రం శుభ్రం చేయడం ఇంటివాళ్ల చేత చేయించి చూశాకే డిశ్చార్జి మీద సంతకం పెట్టాలి. దీనికి మీ శాఖ నుంచి ఒక్క సర్క్యులర్ చాలు.

ఇట్లు,
ఒక అక్క, పల్నాడు జిల్లా