డిష్ ఇంటర్నెట్‌ల సిరీస్‌లు చూసే తరీక

హన్మకొండ

అరేయ్ సీను,

మంచిగున్నవారా? తాడ్వాయిల డిష్ ఇంటర్నెట్ పెట్టించినవ్, టీవీల చక్రం తిరుగుడే తప్ప సిరీస్ నడుస్తలేదని రాసినవ్. ప్యాకేజీ అప్పుడే పెంచకు. ముందుగాల టీవీ ఆశ తగ్గియ్యి.

నీ డిష్ చూసే ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల పైన ఉంటది. బటన్ ఒత్తితే అడిగింది పైకి పోయి దిగి, జవాబు మళ్ల అదే తొవ్వల వచ్చేసరికి అర సెకను దాటుతది. దాంతోటి సిరీస్ లేటుగ మొదలైతది, గంతే. నడుమ ఆగేది మాత్రం రాత్రిపూట ఒకే బీమ్ (ఉపగ్రహం ఒక ఇలాకాకు పంపే సిగ్నల్) మీదున్నోళ్లందరు ఒక్కసారే చూసుడుతోని. రాత్రి 9కి ఫాస్ట్ డాట్ కామ్‌ల స్పీడ్ చూడు, పొద్దుగాల 5కు మళ్ల చూడు, నీకే సమజైతది.

నెట్‌ఫ్లిక్స్ 1080పీకి 5 ఎంబీపీఎస్, 720పీకి 3 ఉండాలంటది. నీకు రాత్రిపూట 2 ఎంబీపీఎస్సే వస్తే, ఫోన్ బ్రౌజర్‌ల అకౌంట్ తెరిచి, నీ ప్రొఫైల్‌కు ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌ల ‘మీడియం’ పెట్టు. టీవీ యాప్‌ల వెతక్కు, అండ్ల ఉండది. మీడియంల గంటకు 700 ఎంబీ, అంటే ఒకటిన్నర ఎంబీపీఎస్ చాలు. ‘హై’ల హెచ్‌డీ బొమ్మకు గంటకు 3 జీబీ దాక గుంజుతది, నీ నెల డేటా వారంల ఒడుస్తది. అక్కడ్నే ప్రివ్యూలు వాటంతటవే ఆడుడు కూడ బంద్ చెయ్యి. వీపీఎన్ (నెట్ రాకపోకలను దాసి పంపే యాప్) ఉంటే తీసెయ్యి. మోడెం లోపల చేసే స్పీడ్ పెంచే పని దాని ముందల సాగది.

పాజ్ చేసి అన్నం తినొస్తె ఎపిసోడ్ మొత్తం ముందే దిగి నిండుతదనుకుంటరు చానమంది. నిండది. ప్లేయర్ కొంతదాకనే దాసుకొని ఆగుతది.

అసలు ఉపాయం రాత్రి ఫోన్ యాప్‌ల డౌన్‌లోడ్. 2 ఎంబీపీఎస్ సక్కగ వస్తే గంటకు 800 ఎంబీ దాక దిగుతది. పండుకునేముందు ఫోన్ చార్జింగ్ పెట్టు, బ్యాటరీ సేవర్ తీసెయ్యి, ఫోటోల బ్యాకప్ ఆపు. పొద్దున చూసేటప్పుడు మాత్రం టీవీకి క్యాస్ట్ (వైరు లేకుంట ఫోన్ నుంచి టీవీల ఆడిచ్చుడు) కొట్టకు: క్యాస్ట్ కొడితే టీవీ మళ్ల నెట్‌ల నుంచే గుంజుకుంటది, డౌన్‌లోడ్ చేసిందంత దండుగ. యూఎస్‌బీ-సీ నుంచి హెచ్‌డీఎంఐకి వైరు పెట్టు. అయితే అగ్గువ ఫోన్లు చానవాటికి టీవీకి బొమ్మ పంపే సౌలత్ ఉండది, వైరు కొనకముందే ఫోన్ వివరాలల్ల చూస్కో.

వాన పెద్దగ కొడితే సిగ్నల్ పోతది, మోడెంను ముట్టకు, తగ్గినంక అదే వస్తది. ఎండల కూడ రాకపోతే ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందల సిగ్నల్ పట్టే డబ్బ) కాడి కనెక్టర్ల నీళ్లు చేరినయేమో చూడు. మీ దిక్కు కోతులు డిష్ మీద కూసుంటయ్. ఒక్క డిగ్రీ జరిగినా అయిపాయె. డీటీహెచ్ లెక్క నువ్వే తిప్పకు, ఇది పైకి పంపుతది కూడ, టెక్నీషియన్‌నే పిలువు.

క్రికెట్ మ్యాచ్‌లకు డీటీహెచ్ ఉంచుకో. లైవ్‌ను ముందే దాసిపెట్టే తరీక లేదు, ఈ లైను దానికి పనికిరాదు.

చెల్లెను అడిగినట్టు చెప్పు.

నీ దోస్తు