హంగేరీ కాదు బాబూ, రొమేనియా!

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాలు ఆగాను. సవరణ వేస్తారేమోనని రోజూ లోపలి పేజీలన్నీ వెతికాను. వెయ్యలేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ ఆదివారం అనుబంధంలో వ్లాహిత్సా గురించి వేసిన అరపేజీలో 'హంగేరీలోని ఈ చిన్న పట్టణం' అని ఒకసారి కాదు, రెండుసార్లు రాశారు. అక్కడివాళ్లు హంగేరియన్ మాట్లాడతారు కాబట్టి ఊరు హంగేరీలో ఉండి తీరాలి కాబోలు. ఆ లెక్కన నేను ఇంట్లో తెలుగు మాట్లాడతాను గనక తమిళనాడులోని మా హోసూరు ఆంధ్రప్రదేశ్‌లో ఉండాలి. ఆ ముక్క మా కలెక్టరు గారికి కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఊరు రొమేనియాలో, హర్గీతా జిల్లాలో ఉంది. హంగేరీ సరిహద్దు రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లు దాటే ఉంటుంది. గడియారం కూడా బుడాపెస్ట్ కంటే గంట ముందు నడుస్తుంది. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతాల పక్కన, 800 మీటర్లకు పైన ఉన్న పీఠభూమి అది. మా అబ్బాయి ఉద్యోగం రొమేనియాలోనే బ్రషోవ్ నగరంలో కావడంతో ఒక మే నెలలో నేనూ మా ఆవిడా వెళ్లి చూసొచ్చాం. పచ్చిక మీద తెల్లటి నార్సిసస్ పూలు విరగబూసి ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఊటల్లో నీళ్లు గ్యాస్‌తోనే పుడతాయి, సోడా కొట్టే పనే లేదు. వాటిని 'బోర్‌వీజ్' అంటారు, అంటే వైన్ నీళ్లని అర్థం. మా ఆవిడ ఒక గుక్క తాగి, ఇనుప మేకు నాకినట్టుందని మళ్లీ ముట్టుకోలేదు. ఇనుము అంటే గుర్తొచ్చింది, అది ఒకప్పుడు ఇనుము కరిగించిన ఊరు. మీ వ్యాసంలో ఆ సంగతే లేదు.

చరిత్ర సంగతి మరీ అన్యాయం. అక్కడ 1910లో పుట్టిన మనిషిని ఊహించుకోండి. పుట్టింది హంగేరీ రాజ్యంలో. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కుదిరిన 1920 ట్రియనాన్ ఒప్పందంతో రొమేనియా. 1940 ఆగస్టు 30న జర్మనీ, ఇటలీ కలిసి వియన్నాలో గీసిన గీతతో మళ్లీ హంగేరీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మళ్లీ రొమేనియా. నలభై ఏళ్లు నిండకుండానే ఇన్ని జెండాలు, అదీ సొంత గడప దిగకుండా. 1952లో హంగేరియన్ల కోసం ఒక స్వయంపాలిత ప్రాంతం ఏర్పాటు చేశారు, 1968లో అదీ ఎత్తేశారు. ఇదంతా వదిలేసి మీవాళ్లు అక్కడి పిండివంటల గురించి రెండు పేరాలు రాశారు!

పేరులోనే పెద్ద తమాషా ఉంది. హంగేరియన్‌లో ఆ ఊరి పాత పేరు చివర 'ఒలాఫలు' అని ఉండేది, అంటే రొమేనియన్ల పల్లె. ఇప్పుడు ఊరంతా దాదాపు హంగేరియన్లే. పక్కనే ఉన్న జిల్లా కేంద్రం మియెర్కురియా చుక్. రొమేనియన్‌లో చెప్పినా హంగేరియన్‌లో చెప్పినా ఆ పేరులో ఉన్నది బుధవారమే, సంతరోజు. మన కర్నూలు బుధవారపేట లాంటిదే. తెలుగు పాఠకుడికి ఇంతకంటే దగ్గరగా చెప్పే మాట దొరుకుతుందా?

ఇక నా కడుపుమంట. రొమేనియా చట్టం ప్రకారం ఏ ఊళ్లోనైనా అల్పసంఖ్యాకులు 20 శాతం ఉంటే బోర్డులు వాళ్ల భాషలోనూ పెట్టాలి. వ్లాహిత్సాలో రెండు భాషల్లోనూ నా కళ్లారా చూశాను. వంద మందికి పైగా పిల్లలతో 1982 నుంచి అక్కడ ఒక బాలల ఫిల్హార్మోనిక్, అంటే సంగీత బృందం, నడుస్తోంది. ఆ చలిలో, ఆ చిన్న ఊళ్లో! హంగేరీ అయితే 2011 నుంచి బయటి హంగేరియన్లకు పౌరసత్వమే ఇస్తోంది. అందులో ఓట్ల లెక్క ఉందని అందరికీ తెలుసు, అయినా ఇస్తోంది. మాకు పౌరసత్వాలేమీ వద్దు. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది, మా పిల్లలు నేర్చుకున్నారు, వీధిలో మాట్లాడేదే కదా. కానీ మా వీధి బడిలో తెలుగు మాస్టారు రిటైరై మూడేళ్లు దాటింది, కుర్చీ ఖాళీగానే ఉంది. తెలుగు వాచకం జూన్‌లో అడిగితే దసరాకి చూద్దాం అంటారు. ఇటు రెండు రాష్ట్రాల పెద్దలు మాత్రం తెలుగు సభలు పెట్టి శాలువాలు కప్పుకుంటారు. ఆ శాలువాల ఖర్చులో సగం పెట్టినా మాకు పుస్తకాలొస్తాయి.

ఇంకొక్క మాట. ఆ ప్రాంతంలో ఉండే సేకెయ్ అనే హంగేరియన్ తెగలో పుట్టినవాడే చోమా అనే భాషా పండితుడు. తన జాతి మూలాలు ఆసియాలో ఉన్నాయని వెతుక్కుంటూ లదాఖ్ దాకా వచ్చి టిబెటన్ నేర్చుకున్నాడు. 1834లో కలకత్తాలో టిబెటన్-ఇంగ్లిష్ నిఘంటువు అచ్చువేయించాడు. 1842లో డార్జిలింగ్‌లో జ్వరంతో పోయాడు, సమాధి అక్కడే ఉంది. మన దేశంలో ఉన్న ఆ సమాధి గురించి ఒక్క వాక్యం లేదు గానీ, డ్రాకులా గురించి మాత్రం బాక్స్ కట్టి మరీ వేశారు.

సవరణ వేసేటప్పుడు ఫొటో కూడా మార్చండి. మీరు వేసింది డ్రాకులా కోటగా చెప్పుకునే బ్రాన్ కోట. అది బ్రషోవ్ జిల్లాలో ఉంది.

— రిటైర్డ్ సోషల్ మాస్టారు, హోసూరు