పెద్దవాళ్ల ఈత అంటే 50 మీటర్లేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను విజయవాడలో లెక్కల టీచర్‌ని. వయసు 56. పాతికేళ్లు దాటినవాళ్లకు పెట్టే మాస్టర్స్ ఈత పోటీల్లో నాలుగేళ్లుగా దిగుతున్నాను. ఐదేళ్లకో గ్రూపు కాబట్టి ఇప్పుడు నాది 55–59.

ఎంట్రీ ఫారాలు వచ్చిన రోజున మా కొలను దగ్గర ఏటా ఒకటే తంతు. కోచ్ అందరికీ 50 మీటర్ల ఫ్రీస్టయిల్ దగ్గర టిక్ పెట్టేస్తారు. "ఈ వయసులో అంతకంటే ఎందుకండీ?" అంటారు. మా మంచికే అంటారు, కాదనను. కానీ 50 మీటర్లలో దూకడం దగ్గర, గోడ తన్నడం దగ్గర పోయిన సమయాన్ని తిరిగి రాబట్టుకోవడానికి దూరమే మిగలదు. నేనేమో కాలువ గట్టున పెరిగినదాన్ని. నడుముకు బెండ్లు కట్టి మా నాన్న నేర్పింది కప్ప ఈత. తలకిందులుగా దూకడం నాకు ఇప్పటికీ రాదు. మాస్టర్స్‌లో దిమ్మె ఎక్కకుండా నీళ్లలోంచే గోడ తన్ని బయల్దేరొచ్చని నాకు చెప్పినవాళ్లే లేరు. నిబంధనలు చదువుకుని తెలుసుకున్నాను.

అందుకే 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్, అంటే ఆ కప్ప ఈతే, ఎంచుకున్నాను. మొదటిసారి తొలి 50 మీటర్లు 58 సెకన్లలో లాగేశాను. చివరి 50కి నిమిషం 24 సెకన్లు పట్టింది, కాళ్లు రాళ్లయిపోయాయి. మొత్తం 4 నిమిషాల 52 సెకన్లు. కొలనులో మాకు చెప్పే ప్రాక్టీసు "ఆగకుండా 40 లెంగ్త్‌లు" ఒక్కటే, అంటే కొలను ఈ చివర నుంచి ఆ చివరకు 40 సార్లు. దానివల్ల దమ్ము పెరిగింది గానీ, ఏ వేగంతో మొదలుపెట్టాలో తెలియలేదు.

తర్వాత నేనే మార్చుకున్నాను. వారానికి రెండు రోజులు 50 మీటర్లు ఎనిమిదిసార్లు, ఒక్కొక్కటి నిమిషం 10 సెకన్లకు, మధ్యలో 20 సెకన్లు ఆగి. ఇంకో రోజు వేగం సంగతి వదిలేసి బారలు మాత్రం లెక్కపెట్టుకుంటాను. కాళ్లు కొట్టాక చేతులు ముందుకు చాచి, ఒళ్లు చువ్వలా ఉంచి జారనివ్వడం అలవాటయ్యాక 25 మీటర్లకు 21 బారలు కాస్తా 15కి వచ్చాయి. మోకాలు లోపలివైపు లాగిన రోజున తొడల మధ్య పుల్ బోయ్ (కాళ్లను తేల్చి ఉంచే నురుగు దిమ్మ) పెట్టుకొని చేతులతోనే ఈదుతాను. మొన్నటి పోటీలో 4 నిమిషాల 36 సెకన్లు.

మా బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఉన్నారు. మెడ పట్టేసి, ఊపిరికి తల తిప్పలేక అవస్థపడుతూనే ఏటా అదే ఫ్రీస్టయిల్ ఈదుతున్నారు. ప్రాక్టీసు అయ్యాక వెల్లకిలా ఎంత హాయిగా వెళ్తారో చూడాలి. బ్యాక్‌స్ట్రోక్ ఈదుతారా అని ఆయన్ని అడిగినవాళ్లు లేరు.

కొలనుల నిర్వాహకులకు నా మనవి చిన్నదే. ఫారం నింపే ముందు ఒక్కొక్కరినీ నాలుగు రకాలూ ఈదించి చూడండి. వారంలో మూడు ఉదయాలు మాకో లేన్ వదలండి. నీళ్లలోంచి కనబడేలా సెకన్ల ముల్లున్న పెద్ద గడియారం గోడకు పెట్టించండి. చేతి గడియారం చూసుకోవడానికి ఆగిన ప్రతిసారీ వెనకవాళ్లు వచ్చి నా కాళ్లకు తగులుతున్నారు.

– ఒక ఉపాధ్యాయురాలు, విజయవాడ