వార్షిక నివేదిక: నెలలు నిండని బిడ్డల ఊపిరి కోసం

సభ్యులందరికీ నమస్కారం.

రక్తదాన శిబిరం, చలివేంద్రం ఎప్పటిలాగే జరిగాయి. వాటి లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈ ఏడాది మన సంఘం శ్రమ ఎక్కువగా నెలలు నిండకుండా పుట్టే బిడ్డల కోసమే ఖర్చయింది.

ఆదోని, కోసిగి, ఆలూరు వైపు ఊళ్లలో గర్భిణులనీ, వాళ్ల అత్తలనీ, అమ్మలనీ కూర్చోబెట్టి మాట్లాడాం. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు మొదలైతే తల్లికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. 12 గంటలకొకటి చొప్పున 6 మిల్లీగ్రాముల డోసులు నాలుగు. ఇలాంటి మందు కడుపులోని బిడ్డ ఊపిరితిత్తులకు బలమిస్తుందని 1972లోనే న్యూజిలాండ్ డాక్టర్లు లిగ్గిన్స్, హోవీ చూపించారు. ఖరీదు బాగా తక్కువ. పెద్దాసుపత్రికి పంపే ముందే ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం మొదటి డోసు వేయవచ్చని 2014 కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆదోని నుంచి కర్నూలు చేరేసరికి రెండు గంటలు దాటుతుంది కాబట్టి మనవాళ్లకు ఇది ప్రాణావసరం.

కోసిగిలో ఒక అత్తగారు లేచి, "స్టెరాయిడ్ అంటాండారు, కడుపులో పిల్లకేమన్నా అయితే ఎట్ల?" అని అడిగారు. మాతో వచ్చిన నర్సమ్మ ఒక పాలిథిన్ కవర్ తడిపి ఆమె చేతికిచ్చి, తెరవమన్నారు. రెండు పొరలూ అతుక్కుని ఎంతకీ రాలేదు. నెలలు నిండని బిడ్డ ఊపిరి సంచులూ అంతేననీ, అవి అతుక్కోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అప్పటికి చాలినంత తయారవదనీ, ఈ ఇంజెక్షన్ దాన్ని తొందరగా తయారు చేయిస్తుందనీ వివరించారు. తర్వాత ఎవరికీ సందేహం రాలేదు.

పుట్టాక చేసే చికిత్సలూ చెప్పాం. ముక్కు ద్వారా గాలి ఒత్తిడి పెట్టి సంచులు మూసుకోకుండా చూసే సీప్యాప్, అది చాలకపోతే గొంతులోంచి శ్వాసనాళంలోకి వేసే సర్ఫాక్టెంట్ మందు, ఊపిరి తీయడం మరిచే బిడ్డలకు కెఫీన్. ఆక్సిజన్ ఎక్కువైనా కళ్లకు ప్రమాదమే. అందుకే డిశ్చార్జి అయ్యాక కూడా కంటి పరీక్షకు డాక్టర్ చెప్పిన రోజుకే వెళ్లాలి.

ఒక్క విషయం మాత్రం ఇంకా బాధిస్తోంది. సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు మిరప చేలకు పోయే గర్భిణుల దగ్గర చాలాసార్లు కార్డూ, మొదటి స్కానింగు కాగితమూ ఉండవు. ఎన్ని వారాలో తెలియకపోతే ఇంజెక్షన్ వేయాలో వద్దో డాక్టర్ తేల్చుకోలేరు. వచ్చే ఏడాది బండ్లు కదలకముందే ఇంటింటికీ వెళ్లి, రెండింటినీ వాళ్ల ఫోన్లలో ఫొటో తీసి ఉంచాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ఈ పనికి పడమటి మండలాల సభ్యులు ముందుకొచ్చి పేర్లు ఇవ్వగలరు.